సబ్బు సిస్టర్ చేతులు

ఆసుపత్రిలో ఆమెను అందరూ సబ్బు సిస్టర్ అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, పేరుకు తగ్గ మనిషే. ఐసీయూలో ఒక మంచం దగ్గర నుంచి ఇంకో మంచం దగ్గరకు చేతులు కడుక్కోకుండా ఎవరైనా కదిలితే, వాళ్లు ఎంత పెద్ద డాక్టరైనా సరే, ఆమె గొంతు సవరించుకునేది. అంతే. అవతలి మనిషి తప్పు చేసిన పిల్లాడిలా వెనక్కి తిరిగి వాష్ బేసిన్ వైపు నడిచేవాడు. ఆమె వేళ్ల మీద చర్మం ఏడాది పొడుగునా పొడిబారి, కణుపుల దగ్గర చిట్లిపోయి ఉండేది.

ఇంట్లోనూ అదే తంతు. డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, బట్టలు మార్చుకునేదాకా పిల్లల్ని దగ్గరకు రానిచ్చేది కాదు. మా అమ్మను ముట్టుకోవాలంటే ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోవాలని ఆమె పెద్దకూతురు స్నేహితురాళ్లకు చెబుతుండేది.

అదే భవనంలో పై అంతస్తులో మరిది కాపురం. మరిదికి కళ్లజోళ్ల దుకాణం ఉంది. తోడికోడలు ఆడవాళ్లకు కారు నడపడం నేర్పేది. గలగలా మాట్లాడే మనిషి. ఆమె నవ్వితే కింది అంతస్తులో గిన్నెలు తోముకునేవాళ్లకు కూడా నవ్వొచ్చేది. ఒకసారి బలవంతాన సబ్బు సిస్టర్‌ను కూడా స్టీరింగు ముందు కూర్చోబెట్టింది. సిస్టర్ కుడి అద్దం, ఎడమ అద్దం, మధ్య అద్దం చూసి, మళ్లీ మొదటి నుంచి చూసుకుంటూ బ్రేకు మీద కాలు తీయనేలేదు. "అక్కా, ఈ లెక్కన మనం నడిచి వెళ్లి కూరగాయలు కొనుక్కొచ్చేసినా కారు ఇక్కడే ఉంటుంది" అంది తోడికోడలు. పాఠాలు ఆ రోజుతోనే ఆగిపోయాయి.

ఇద్దరికీ పడకపోవడానికి కారణం మాత్రం కారు కాదు. తోడికోడలికి బిడ్డ పుట్టినప్పుడు ఆమె తల్లి జలుబుతోనే వచ్చి మనవరాలిని ఎత్తుకుంది. సిస్టర్ ఒక్క మాటైనా అనకుండా వెళ్లి, ఆ పెద్దామె చేతుల్లోంచి పసిపిల్లను తీసేసుకుంది. చేసింది మంచికే. చేసిన తీరు మాత్రం అందరి ముందూ చెంప మీద కొట్టినట్టుంది. పెద్దామె ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. "మా అక్క దేవుడు ఎదురైనా ముందు సబ్బు ఇచ్చి, తర్వాతే దండం పెడుతుంది" అని తోడికోడలు నలుగురిలో నవ్వుతూ అనేది. ఆ నవ్వులో ముల్లు ఉండేది. అప్పటి నుంచి ఇద్దరూ ఎదురుపడితే నీళ్లు వస్తున్నాయా, కరెంటు ఉందా అన్నంత వరకే మాటలు.

అలాంటి తోడికోడలు కడుపునొప్పిని నాలుగు రోజులు మాత్రలతో నెట్టుకొచ్చింది. తన దగ్గర నేర్చుకున్నవాళ్లకు లైసెన్సు పరీక్ష ఉందని, అది అయ్యాక చూపించుకుంటానని వాయిదా వేసింది. చివరికి ఒక ఉదయం స్టీరింగు మీదే వాలిపోయింది. ఆసుపత్రికి తెచ్చేసరికి పేగుకు చిల్లు పడి కడుపంతా చీము పట్టింది. ఆపరేషన్ చేసి, వెంటిలేటర్ పెట్టి ఐసీయూకు తెచ్చారు. అది సబ్బు సిస్టర్ పనిచేసే ఐసీయూనే.

అయినవాళ్లను అయినవాళ్ల చేతికి అప్పగించకూడదన్నది అక్కడి కట్టుబాటు. కానీ ఆ రోజు ఇద్దరు నర్సులు సెలవులో ఉన్నారు. సాయంత్రం దాకా చూసుకో, తర్వాత వేరే వాళ్లను వేస్తానని ఇన్‌ఛార్జి చెప్పింది. అలా ఆ పూట సిస్టర్‌కు రెండు మంచాలు పడ్డాయి. ఒకటి తోడికోడలిది. రెండోది మూలన అద్దాల గదిలో విడిగా ఉంచిన మంచం. అందులో ఒక ముసలి లిఫ్టు మెకానిక్ ఉన్నాడు. ఆయన ఊపిరితిత్తుల్లో దాదాపు ఏ మందుకూ లొంగని బ్యాక్టీరియా చేరింది. ఆ గదిలోకి వెళ్లేవాళ్లు గౌను, గ్లౌజులు వేసుకోవాలి. బయటకు వచ్చేటప్పుడు అన్నీ విప్పి పారేసి చేతులు కడుక్కోవాలి.

ఆమె మెకానిక్‌కు పక్క మార్చుతుండగా బయట మానిటర్ మోగింది. తోడికోడలి ఆక్సిజన్ పడిపోతోంది. గొంతులోని గొట్టానికి కఫం అడ్డుపడింది. సిస్టర్ గౌను, గ్లౌజులు విప్పి పారేసి, పరుగున వెళ్లి, కొత్త గ్లౌజులు తొడుక్కుని సక్షన్ గొట్టంతో కఫం లాగేసింది. ఊపిరి ఆడింది. అంకెలు మళ్లీ పైకి వచ్చాయి. పక్క మంచం నర్సు వచ్చి భుజం తట్టింది కూడా.

ఆపరేషన్ గాయం మానుతోందని అందరూ ఊపిరి పీల్చుకుంటున్న సమయంలో తోడికోడలికి మళ్లీ జ్వరం వచ్చింది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల అడుగు భాగాలు తెల్లబడ్డాయి. గొట్టంలోంచి పచ్చటి కఫం రావడం మొదలైంది. ఆ కఫంలో ఏ క్రిమి ఉందో చెప్పే కల్చర్ రిపోర్టు వచ్చేసరికి సిస్టర్ డ్యూటీలో ఉంది. మెకానిక్ ఊపిరితిత్తుల్లో ఉన్న బ్యాక్టీరియానే ఇక్కడా ఉంది. వరుసగా రాసిన మందులన్నిటికీ ఎదురుగా 'పనిచేయదు' అన్న మాటే. పనిచేయగలిగింది ఒక్క పాత మందు. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. తోడికోడలి మూత్రపిండాలు అప్పటికే నీరసించి ఉన్నాయి.

సిస్టర్ స్టాఫ్ గదిలోకి వెళ్లి కుర్చీలో కూర్చుంది. ఆ మధ్యాహ్నాన్ని తలచుకుంది. గౌను విప్పాను. గ్లౌజులు పారేశాను. పరుగెత్తాను. కొత్త గ్లౌజులు వేసుకున్నాను. మరి మధ్యలో చేతులు కడుక్కున్నానా? కడిగినట్టే ఉంది. చల్లటి నీళ్లు చేతులకు తగిలిన జ్ఞాపకం కూడా ఉంది. కానీ ఆ జ్ఞాపకం ఆ రోజుదా, మిగతా వేల రోజుల్లో ఏదో ఒకదానిదా? ఎంత తవ్వుకున్నా తేలలేదు. గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించినకొద్దీ రెండు రకాలుగానూ కనిపించసాగింది. ఒకసారి కడుక్కున్నట్టు. ఇంకోసారి బేసిన్ పక్క నుంచే పరుగెత్తినట్టు.

అప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగలేదు. భర్త అడిగితే తలనొప్పి అంది. వార్డులో వేరే మంచాలకు పనిచేస్తూనే తోడికోడలి వైపు చూసేది గానీ, దగ్గరకు మాత్రం వెళ్లేది కాదు. విరామంలో కూడా దూరంగా మందుల అలమర పక్కన నిలబడి మానిటర్ అంకెలు చూసి వెళ్లిపోయేది. తన చేతులను చూసుకుంటే అవి తనవి కానట్టు అనిపించేది.

రెండు రోజులకు ఐసీయూ పెద్ద డాక్టరమ్మ మరిదినీ సిస్టర్‌నూ తన గదికి పిలిచింది. ఒక కొత్త రకం వైద్యం మీద ఆ ఆసుపత్రిలో పరిశోధన జరుగుతోందని, ఒప్పుకుంటే తోడికోడల్ని అందులో చేర్చుకుంటామని చెప్పింది. ఊపిరితిత్తుల్లో ఈ బ్యాక్టీరియా తన చుట్టూ ఒక జిగురు పొర కట్టుకుని దాని లోపల దాక్కుంటుంది. రక్తంలోకి ఎక్కించే మందు ఆ పొరను దాటి లోపలికి చేరేసరికి చాలావరకు బలం పోతుంది. చేరేలా ఎక్కువ మోతాదు ఇస్తే మూత్రపిండాలు పోతాయి. అందుకని అదే పాత మందును కొవ్వుతో చేసిన అతి చిన్న గుళికల్లో నింపారు. ఒక వెంట్రుక మందంలో కొన్ని వందలు పక్కపక్కన పట్టేంత చిన్నవి. వాటినే నానో కణాలంటారు. పొగమంచులా చేసి వెంటిలేటర్ గాలితోపాటు ఊపిరితిత్తుల్లోకే పంపితే, అవి జిగురు పొరలోకి దూరి, అక్కడే మెల్లమెల్లగా మందును వదులుతాయి. ఒంట్లో మిగతా చోట్లకు వెళ్లేది తక్కువ.

మరిది శ్రద్ధగా విన్నాడు. ఇంతకు ముందు ఎంతమందికి ఇచ్చారని అడిగాడు. కొద్దిమందికేనని, కొందరు కోలుకున్నారని, కొందరు కోలుకోలేదని, కోలుకున్నవాళ్లు కూడా ఈ మందు వల్లే కోలుకున్నారని ఇంకా చెప్పలేమని డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. ఒప్పుకోకపోయినా మామూలు వైద్యంలో లోటు ఉండదంది. సాయంత్రంలోగా ఆలోచించుకుని చెప్పమంది.

బయటకు వచ్చాక మరిది మెట్ల దగ్గర కిటికీ పక్కన ఆగాడు. కింద పార్కింగ్‌లో ఎవరో కారును వెనక్కి తీయలేక తంటాలు పడుతున్నారు.

"వదినా, నాకు ఈ గుళికలూ పొరలూ సగమే ఎక్కాయి. నువ్వు చెప్పు. నీ సొంత చెల్లెలైతే ఏం చేస్తావు?"

చేయిస్తాను అనేస్తే అయిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆమె మనసు ఒప్పుకోలేదు. తను చెప్పిన మాట మీద భరోసా పెట్టుకుని ఈయన సంతకం చేస్తాడు. తన మీద ఎంత భరోసా పెట్టుకోవచ్చో తెలియకుండానే చేస్తాడు.

"చేయిస్తాను. కానీ అంతకన్నా ముందు నీకొకటి చెప్పాలి. ఆ బ్యాక్టీరియా ఇంటి నుంచి వచ్చింది కాదు. మా వార్డులోదే. మూల మంచం ఆయనకు ఉన్నదే తనకూ వచ్చింది. ఆ పూట ఇద్దర్నీ చూసింది నేనే. మధ్యలో చేతులు కడుక్కున్నానో లేదో నాకు గుర్తు రావడం లేదు."

మరిది కిటికీ వైపే చూస్తూ ఉండిపోయాడు. కింద ఆ కారు ఎలాగో బయటపడి వెళ్లిపోయింది.

"ఇది ఇప్పుడే ఎందుకు చెప్పావు?"

"నన్ను అడిగి నిర్ణయం తీసుకుంటున్నావు కదా. తెలిసి తీసుకో."

ఆయన కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "నాకిప్పుడు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు వదినా. ముందు తను బతకనీ" అన్నాడు. డాక్టరమ్మ గదిలోకి తిరిగి వెళ్లి సంతకం పెట్టి వచ్చాడు. సిస్టర్ పక్క నుంచే నడిచి వెళ్లాడు గానీ ఆగలేదు.

సిస్టర్ అదే మాట ఇన్‌ఛార్జికీ చెప్పింది. ఇన్‌ఛార్జి ఆమెను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. ఇన్ఫెక్షన్ల సంగతి చూసే విభాగానికి వెంటనే కబురు పెట్టింది. వాళ్లు వచ్చి మంచాల కమ్ములు, మానిటర్ మీటలు, సక్షన్ సీసాలు, నర్సుల చేతులు, ఒకటనేమిటి, దూది పుల్లలతో అన్నిటినీ తుడిచి నమూనాలు తీసుకెళ్లారు. సిస్టర్ తన రెండు చేతులూ ముందుకు చాచి నిలబడింది. నమూనా తీస్తున్న అమ్మాయి చిట్లిన కణుపులు చూసి, నొప్పిగా ఉంటుందా అని అడిగింది.

మందు మొదలైంది. మొదటి మోతాదు ఏ గొడవా లేకుండా వెళ్లింది. వెంటిలేటర్ గొట్టానికి అమర్చిన చిన్న డబ్బాలోంచి సన్నటి పొగ లేచి, తోడికోడలి ఛాతీ పైకి లేచినప్పుడల్లా లోపలికి పోయింది. రెండోసారి ఇచ్చినప్పుడు సగంలోనే ఊపిరి గొట్టాలు బిగుసుకున్నాయి. వెంటిలేటర్ అరవసాగింది. ఆక్సిజన్ దిగిపోయింది. డాక్టరమ్మ పరుగున వచ్చి మందు ఆపించింది. సిస్టర్ అలమర పక్కనే నిలబడి ఉంది. చేతులు వాటంతటవే ముందుకు లేచాయి. మళ్లీ వెనక్కి లాక్కుని మడిచి పెట్టుకుంది. మంచం చుట్టూ నలుగురు మూగడంతో ఆమెకు తోడికోడలి పాదాలు మాత్రమే కనిపించాయి. గోళ్లకు వేసుకున్న రంగు సగం రాలిపోయి ఉంది. ఆ పాదాలు నీలం తిరుగుతున్నాయా లేక గదిలో వెలుతురే అలా ఉందా అని ఆమె కళ్లార్పకుండా చూసింది.

అంకెలు తేరుకున్నాక డాక్టరమ్మ మరిదిని పిలిచింది. ఇక్కడితో ఆపేయవచ్చు, లేదా ముందుగా గొట్టాలను వదులు చేసే మందు ఇచ్చి, తక్కువ వేగంతో మళ్లీ ప్రయత్నించవచ్చు అంది. ఈసారి మరిది సిస్టర్ వైపు చూడలేదు. మీకు సబబనిపించిందే చేయండి, కానీ మీరు దగ్గరుండి చేయండి అని డాక్టరమ్మతోనే అన్నాడు. ఆమె అలాగే మంచం పక్కనే నిలబడి ఇచ్చింది. ఊపిరి గొట్టాలు మళ్లీ బిగుసుకోలేదు.

మెకానిక్ కూతురు కూడా తండ్రిని ఆ పరిశోధనలో చేర్చింది. ఆయనకూ అదే పొగ, అదే డబ్బా. రెండు రోజులు జ్వరం తగ్గినట్టే తగ్గింది. కానీ అన్ని వారాల జబ్బుతో అలిసిపోయిన గుండె ఒక ఉదయం ఆగిపోయింది. ఆ పూట డ్యూటీ సిస్టర్‌దే. ఆయనకు ఒళ్లు తుడిచి, జుట్టు దువ్వి, కూతురిని లోపలికి పిలిచింది. మా నాన్న ఎక్కడికి వెళ్లినా ముందు అక్కడి లిఫ్టు ఎక్కి చప్పుడు వినేవాడు, ఇక్కడికి స్ట్రెచర్ మీద వస్తూ కూడా మీ లిఫ్టు తాళ్లు వదులయ్యాయని అన్నాడు అని ఆ కూతురు చెప్పింది. ఇద్దరూ కొంచెం నవ్వారు. తర్వాత ఆమె ఏడుస్తుంటే సిస్టర్ పక్కనే కూర్చుంది. అదే మందు బయటి మంచంలో తోడికోడలికీ నడుస్తోందన్న ఆలోచన మాత్రం ఆమెను వదలలేదు.

నమూనాల ఫలితాలు ఆ వారంలోనే వచ్చాయి. ఆ బ్యాక్టీరియా ఏ నర్సు చేతుల మీదా దొరకలేదు. దొరికింది వాష్ బేసిన్ కింద నీళ్లు పోయే గొట్టం లోపల. అక్కడా అది జిగురు పొర కట్టుకుని కూర్చుంది. నీళ్లు జోరుగా పడినప్పుడల్లా సన్నటి తుంపరలు పైకి లేచి, చుట్టుపక్కల సామాను మీద, కడుక్కుంటున్న చేతుల మీద పడుతున్నాయట. ఎవరినైతే ఇన్నేళ్లుగా గొంతు సవరించి మరీ ఆ బేసిన్ దగ్గరకు పంపిందో వాళ్లందరి ముఖాలూ సిస్టర్ కళ్ల ముందు తిరిగాయి.

ఆమె ఇన్ఫెక్షన్ల విభాగం డాక్టరు దగ్గరకు వెళ్లి అడిగింది. నా వల్ల వచ్చిందా, బేసిన్ వల్ల వచ్చిందా? ఆయన తల అడ్డంగా ఊపాడు. బేసిన్ నుంచి నేరుగా వచ్చి ఉండవచ్చు. మూల గది నుంచి చేతుల ద్వారా వచ్చి ఉండవచ్చు. కడుక్కోకపోవడం వల్ల కావచ్చు, అక్కడ కడుక్కోవడం వల్లే కావచ్చు. ఇవాళ చేతులు శుభ్రంగా ఉన్నాయంటే ఆ రోజూ శుభ్రంగా ఉన్నాయని కాదు. తేల్చలేము సిస్టర్ అన్నాడు. అవునో కాదో ఏదో ఒకటి అంటాడని వెళ్లిన మనిషి రెండూ కాని మాట మోసుకుని వెనక్కి వచ్చింది.

తోడికోడలి జ్వరం మాత్రం కొంచెం కొంచెంగా దిగింది. కఫం రంగు మారింది. మూత్రపిండాలు నిలబడ్డాయి. వెంటిలేటర్ సాయం తగ్గిస్తూ తగ్గిస్తూ ఒక రోజు గొంతులోని గొట్టం తీసేశారు. ఆ తర్వాత కూడా ఒకసారి ఆయాసం ఎక్కువై మళ్లీ గొట్టం వేయాల్సి వస్తుందేమో అనుకున్నారు. మరిది ఆ రోజంతా కారిడార్‌లో నిలబడే ఉన్నాడు. అవసరం పడలేదు.

మామూలు గదికి మార్చాక ఒక మధ్యాహ్నం సిస్టర్ వెళ్లింది. తలుపు దగ్గరే నిలబడింది. తోడికోడలు బాగా చిక్కిపోయి, దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. గొంతు బొంగురుగా, గాలిలా వస్తోంది. మరిది అప్పటికే భార్యకు అన్నీ చెప్పేశాడని సిస్టర్‌కు తెలుసు. అయినా తన నోటితో మళ్లీ చెప్పింది. ఏమీ వదలకుండా, బేసిన్ సంగతి తనకు అనుకూలంగా తిప్పకుండా చెప్పింది.

తోడికోడలు మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక కాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"నాకు అక్కడ సగం నిద్ర, సగం మెలకువ. ఎవరు ఎవరో తెలిసేది కాదు. నీ అడుగులు మాత్రం తెలిసేవి. ఇంట్లో మెట్ల మీద ఇన్నేళ్లు విన్నాను కదా. మొదటి రోజు దగ్గరకొచ్చావు, ఊపిరాడింది. తర్వాత నీ అడుగులు అలమర దాకా వచ్చేవి, ఆగిపోయేవి, వెనక్కి వెళ్లిపోయేవి." మళ్లీ ఊపిరి తీసుకుంది. "నేను పోతున్నాను కాబోలు, చూడలేక వెళ్లిపోతున్నావు అనుకున్నాను అక్కా. నాకు అసలు భయం అప్పుడేసింది."

సిస్టర్‌కు ఈ లెక్క తట్టనే లేదు. దూరంగా ఉండటమే మేలు చేయడం అనుకుంది.

"ఇంకా అక్కడే ఉంటావేం? వచ్చి ఈ దిండు సర్దు. నడుం పడిపోతోంది."

సిస్టర్ వెళ్లి దిండు సర్దింది. భుజం కింద చేయి వేసి పైకి జరిపింది. ఆ ఒంటిలో పిడికెడు బరువు లేదు. తోడికోడలు ఆమె చేతిని పట్టుకోలేదు, తోసేయనూ లేదు. తన పాఠాలు ఎవరు చెబుతున్నారని అడిగింది. ఎవరూ చెప్పడం లేదంటే, బాధపడాలో సంతోషించాలో తెలియనట్టు ముఖం పెట్టింది.

వార్డులో పాత బేసిన్లు, గొట్టాలు పీకేసి వేరే రకానివి బిగించారు. పరిశోధన ఇంకా సాగుతోంది. ఆ మందు ఎంతవరకు పనిచేస్తుందో తేలడానికి చాలా కాలం పడుతుందని, తోడికోడలు బతకడంలో దాని పాలు ఎంతో ఎవరూ ఖాయంగా చెప్పలేరని డాక్టరమ్మ అంటుంది. సిస్టర్ అదే ఐసీయూలో పనిచేస్తోంది. మరిది మళ్లీ వదినా అని పిలుస్తున్నాడు. పిలుపులో మునుపటి చనువు పూర్తిగా రాలేదు. ఆమె అది రావాలని అడగనూ లేదు.

తోడికోడలు పాఠాలకు తిరిగి వెళ్లింది గానీ మెట్లు ఎక్కితే ఇప్పటికీ ఆయాసం వస్తుంది. సిస్టర్ తన ఇంటి ముందు మెట్ల మలుపులో ఒక కుర్చీ వేసింది. పైకి వెళ్లేటప్పుడు తోడికోడలు అందులో కూర్చుని కాసేపు ఆగుతుంది. తలుపు తెరిచి ఉంటే ఆ రోజు కారు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఎవరి గోడ గుద్దారో చెబుతుంది. తర్వాత లేచి, కమ్మీ పట్టుకుని మిగతా మెట్లు ఎక్కుతుంది. పై తలుపు మూసుకున్న చప్పుడు వినిపించేదాకా సిస్టర్ లోపలికి వెళ్లదు. ఒక్కోసారి పై అంతస్తులో దగ్గు వినిపిస్తుంది. చేతిలో పని ఆపి, తల పైకెత్తి నిలబడుతుంది. రెండో దగ్గు వస్తుందేమోనని చాలాసేపు అలాగే వింటుంది.